తురాబ్ ఆకా, బయటికి రాని నలభై ఐదు నిమిషాలు

తాష్కెంట్‌లో ఎక్కడికి వెళ్ళినా పన్ను పీకించుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. మా తురాబ్ ఆకా దగ్గర మాత్రం సరిగ్గా నలభై ఐదు నిమిషాలు. (అన్నని మేం ఆకా అంటాం.) చేతకాక కాదు. ఆయన చెయ్యి పడితే పన్ను తనంతట తానే లేచి సెలవు తీసుకుంటుంది. అయితే 1971లో తీసిన ‘ఉప్పు బాట’ అనే సినిమాకి కట్టిన నేపథ్య సంగీతం మొత్తం డెబ్బై నాలుగు నిమిషాలు. అందులో రికార్డుగా బయటికొచ్చింది ఇరవై తొమ్మిది. సినిమాలో మాటల వెనక విని పట్టుకున్న మిగిలిన నలభై ఐదు నిమిషాల్నీ ఆకా రోగి నోరు తెరిపించి, కూనిరాగంతో మొదలుపెట్టి, ఆఖరి స్వరం మీద పన్ను పీకుతాడు. ఒకసారి మధ్యలో తుమ్మొచ్చి మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. అందువల్ల మా పేటలో సగంమందికి ఆ సంగీతం కంఠతా వచ్చు. మిగతా సగంమంది పళ్ళు జాగ్రత్తగా తోముకుంటారు.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఆయన పళ్ళ ఆస్పత్రి వెనక గదిలో కట్టుడుపళ్ళు పోసే షోకిర్‌ని నేనే. దంతవైద్యం మూడో ఏడు దాకా చదివి, ఇక అక్కడి పంతుళ్ళకి నేర్పవలసింది ఏమీ మిగల్లేదని బయటికొచ్చేశాను. నేను పోసిన పళ్ళతో సమర్‌ఖండ్ ఆసామి ఒకడు అక్రోటుకాయలు కాదు, అక్రోటు కొమ్మే కొరికాడు. ఆ సంగతి అలా ఉంచండి.

ఆకా దగ్గర కుర్చీ ఎక్కినవాడికి తప్పించుకునే దారి లేదు.

“నొప్పిగా ఉందా?”

“ఆఁ... ఆఁ...”

“ఇక్కడే! సరిగ్గా ఇక్కడే గిజాక్ తీగ ఎత్తుకుంటుంది. రికార్డు వేసినప్పుడు కోసి పారేశారు. దుర్మార్గం కాదూ?”

“ఆఁ!”

“చూశావా షోకిర్! చదువుకున్నవాడు. వెంటనే ఒప్పుకున్నాడు.”

ఇంట్లో ఇంకా అన్యాయం. టీవీలో పాత సినిమా వస్తే ఆకా తెరకి వీపు పెట్టి కూర్చుంటాడు. బొమ్మ చూస్తే సంగీతం సరిగ్గా వినపడదట. ఒక ఆదివారం వియ్యాలవారు భోజనానికి వచ్చారు. టీవీలో నాయకుడి తండ్రి ఆఖరి మాటలు చెబుతున్నాడు. వియ్యపురాలు కళ్ళు తుడుచుకుంటోంది. ఆకా గోడకేసి తిరిగి ఒక్క అరుపు అరిచాడు.

“ఎంతసేపు చస్తావయ్యా! త్వరగా కానీ! వెనక పిల్లనగ్రోవి వినపడనివ్వడం లేదు!”

వియ్యంకుడు అప్పుడే గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. ఆయన మెల్లిగా చెంచా కింద పెట్టాడు.

“మిమ్మల్ని కాదండీ,” అంది ఆకా భార్య మౌజూదా ఓపా. “పిల్లల నాన్నకి బతికున్నవాళ్ళతో ఏ తగాదా లేదు. నలభై ఐదు నిమిషాలతోనే. పెళ్ళినాడు నన్ను మొదట అడిగిన మాటేమిటో తెలుసా? నీ దగ్గర ‘ఉప్పు బాట’ రికార్డు ఉందా అని. ఉందన్నాను. ‘నా దగ్గరా ఉంది, ఇప్పుడు రెండైనాయి, రెంటిలోనూ ఇరవై తొమ్మిదే’ అని తెల్లారేదాకా విచారించాడు.”

లోకంలో ఈ పిచ్చి ఆయనొక్కడికే ఉందనుకున్నాను. కాదు. అల్మాతీలో ఒక బస్సు మెకానిక్, బిష్కెక్‌లో ఒక లెక్కల మాస్టారు, తిబిలిసీలో ఒక ముసలమ్మ, ఇంకా ఎక్కడెక్కడో పాతికమంది ఉన్నారు. ఏ పాత సినిమా సంగీతం పూర్తిగా రాలేదో, ఏది దుమ్ము దులిపి మళ్ళీ వెయ్యాలో ఒకరికొకరు రాసుకుంటూ ఉంటారు. పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా ‘నీ జీవితం పూర్తి నిడివిలో విడుదల కావాలి’ అనే చెప్పుకుంటారు. ఒకసారి బిష్కెక్ మాస్టారు, ఏదో సీడీలో ఆఖరి స్వరం అర సెకను ముందు ఆగిపోయినా ఫరవాలేదన్నాడు. ఆకా ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు.

“సంగీతంలో ఒక క్షణం తీసేసినవాడు దొంగ. లేనిది ఒక క్షణం కలిపినవాడు కల్తీగాడు. ఇద్దరికీ మత్తుమందు ఇవ్వకుండా పన్ను పీకాలి.” ఇది ఆకా సిద్ధాంతం. ఆస్పత్రి గోడ మీద ధరల పట్టీ పక్కనే రాసి పెట్టాడు.

సంగీతం మొత్తం విడుదల చెయ్యమని పై కార్యాలయాలకి ఆయన రాసిన అర్జీలు ముప్పై ఎనిమిది. ఈమధ్య కొన్నేళ్ళుగా వాటిని ఆస్పత్రి పేరు అచ్చేసిన కాగితాల మీద రాస్తున్నాడు. దాంతో అవన్నీ తిన్నగా ఆరోగ్య శాఖవారి దగ్గరికి పోయేవి. ఒకసారి జవాబొచ్చింది: ‘మీరు కోరిన నలభై ఐదు పళ్ళ విషయం పరిశీలనలో ఉన్నది. మనిషికి ముప్పై రెండే ఉండునని గమనించగలరు.’

“కాగితం మార్చకూడదా ఆకా?” అన్నాను.

“మంచి కాగితం. పాడుచెయ్యడం ఎందుకు?” అన్నాడు.

ఇక ఆదివారాల సంగతి. మా ఊళ్ళో ఏ నలుగురు స్నేహితులున్నా నెలకోసారి కలిసి పులావు తినే కూడిక ఒకటి ఉంటుంది. దాన్ని గప్ అంటాం. అందరి గప్పూ ఇంటింటికీ తిరుగుతుంది. ఆకా గప్ మాత్రం ఆయన ఇంట్లోనే, ద్రాక్షపందిరి కిందే. ఎందుకంటే అక్కడికొచ్చే పన్నెండుమందీ ఆనాడు ‘ఉప్పు బాట’కి వాయించినవాళ్ళు. అసలు టేపులు స్టూడియో నేలమాళిగలో నీళ్ళు చేరి పాడైపోయాయని అందరి నమ్మకం. అందుకని ఎవరి భాగం వాళ్ళు గుర్తుచేసుకుని పాడటం, నేను మైకు పట్టి ఎక్కించడం, ఆ అతుకులతో పోయిన నలభై ఐదు నిమిషాల్నీ తిరిగి కట్టడం. ఇదీ ప్రణాళిక. ఎనిమిదేళ్ళలో ఆరు నిమిషాలు కట్టాం.

ఆలస్యానికి కారణం కోబిల్ ఓతా, అంటే కోబిల్ తాత. ఎనభై నాలుగేళ్ళ పెద్దమనిషి. సినిమాలో ఎడారి మధ్య నాయకుడి గుర్రం కూలిపోయే ఘట్టం ఒకటుంది. అక్కడ నలభై ఆరు ఆవర్తనాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుని నలభై ఏడో దాని మీద నగారా ఒక్క దెబ్బ కొట్టాలి. దాంతో ఆ ఘట్టం సరి. ఓతా జన్మ మొత్తానికి సినిమాల్లో వాయించింది ఆ ఒక్క దెబ్బే. ఆ తరవాత ముప్పై ఏళ్ళు రొట్టెల బండి తోలాడు. కానీ మా పేటలో ఆయన్ని రొట్టెల కోబిల్ అనేవాడు లేడు. ‘ఉప్పు బాటలో నగారా కొట్టినాయన’ అంటారు. పెళ్ళిళ్ళలో పెద్దపీట వేస్తారు. ముని మనవడు బళ్ళో దాని మీద వ్యాసం రాశాడు.

వచ్చిన చిక్కల్లా, ఆ దెబ్బని విన్నవాడు లేడు. రికార్డులో ఆ ఘట్టమే లేదు. సినిమాలో సరిగ్గా అదే చోట తుపాకీ పేలుతుంది.

“నా నగారాని తుపాకీ మింగేసిందిరా అబ్బాయ్,” అనేవాడు ఓతా మూడో పళ్ళెం పులావు మీద.

“గుర్రం పడకముందా, పడ్డాకా?” అని ఆకా అడిగేవాడు.

“పడ్డాక!”

“పడకముందు,” అనేది సౌదాత్ ఖోలా. ఆనాడు పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఓతా పక్క కుర్చీలో చాంగ్ తీగల మీద పుల్లలతో వాయించేది. ఇప్పుడు ఆవిడ మాట వింటే పుల్లలు లేకుండానే వాయిస్తోందనిపిస్తుంది. “నువ్వప్పుడు గుర్రాన్ని ఎక్కడ చూశావు కోబిల్ ఆకా? కునికిపాట్లు పడుతూ.”

“నేను కళ్ళు మూసుకుని లెక్కపెడతాను!”

“గురక పెడుతూ కూడానా?”

ఇలా ఎనిమిదేళ్ళు. గుర్రం పడుతూనే ఉంది.

ఆ అక్టోబరు ఆదివారం గప్‌కి పిలవని చుట్టం వచ్చింది. పేరు రౌషన్. ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో లావుపాటి కాగితాల కట్ట. అల్మాతీలో పాత సినిమా సంగీతాన్ని శుభ్రం చేసి మళ్ళీ వేసే చిన్న కంపెనీ వాళ్ళ అమ్మాయి.

“తురాబ్ ఆకా, మీ ఉత్తరాలు,” అంది కట్ట చూపించి. “ఆరోగ్యం ఆఫీసులో ఒక గుమాస్తా మా ఆచూకీ కనుక్కుని మరీ అన్నీ పంపించాడు. పనిమంతుడు! మేం ఒప్పుకున్నాం. అసలు టేపులు దొరికితే డెబ్బై నాలుగు నిమిషాలూ వేస్తాం. నవంబరు ఆఖరుదాకా చూస్తాం.”

“దొరక్కపోతే?” అన్నాను.

“పాత రికార్డునే శుభ్రం చేసి వేస్తాం. అవే ఇరవై తొమ్మిది నిమిషాలు. ఒకసారి అలా వేశాక ఈ సినిమా జోలికి ఇంకెవరూ రారు.”

పందిరి కింద పన్నెండుమందీ పులావు చేతులు గాల్లో పెట్టి ఆకాని చూశారు. ముప్పై ఏళ్ళుగా కన్న కల. ఎగిరి గంతేస్తాడని నేను ముందున్న టీ కప్పులు పక్కకి జరిపాను కూడా. ఆయన మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది.

“నీకు పన్ను నొప్పేమన్నా ఉందా అమ్మా?” అన్నాడు.

“లేదు ఆకా.”

“మరి ఇంత దూరం... సరే. తొందరేముంది, కూర్చో.”

తొందరేముందట! సౌదాత్ ఖోలా ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

చలిగా ఉంది, ఆ పిల్లకి ఒక బొంత తెచ్చి వెయ్యమంది మౌజూదా ఓపా. లోపలికి వెళ్ళాను. పెట్టె మీద ఇంటి బొంతలన్నీ కప్పుదాకా పేర్చి ఉన్నాయి. నాలుగోది లాగాను. దానికీ అయిదోదానికీ మధ్య నుంచి తగరపు డబ్బా ఒకటి జారి నా కాలి మీద పడింది. దాని వెనక ఇంకో ఆరు. ఒక్కొక్క దాని మీద చేత్తో రాసి ఉంది: ఉప్పు బాట, ఒకటి. ఉప్పు బాట, రెండు... ఏడు.

కాలు పట్టుకుని అరవబోతున్నాను. గుమ్మంలో ఆకా నిలబడి ఉన్నాడు.

“నోరు ముయ్యి!” అన్నాడు.

ఆయన ఒక మనిషిని నోరు మూసుకోమనడం పుట్టి బుద్ధెరిగాక నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్న ఆస్పత్రి తలుపుకి గడియ పెట్టి, పాత టేపు యంత్రం మీద మూడో చుట్ట ఎక్కించాడు. ఎడారి గాలిలాంటి గిజాక్, దాని కింద చాంగ్. నిజం చెప్పాలంటే నా ఒళ్ళు జలదరించింది. ఆకా వేళ్ళు ముడుస్తూ లెక్కపెడుతున్నాడు. నలభై నాలుగు. నలభై ఐదు. నలభై ఆరు.

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో దూరంగా, చిన్నగా ఒక ఆడపిల్ల గొంతు: “వోయ్...”

“ఆకా, దెబ్బ ఏదీ?”

“లేదు.”

“లేదంటే?”

“లేదంటే లేదు. కొట్టలేదు. ఎలాగూ అక్కడ తుపాకీ పేలుతుంది కదా అని వాళ్ళు పట్టించుకోలేదు. ఆ గొంతు సౌదాత్‌ది.”

ఎనిమిదేళ్ళ క్రితం స్టూడియో గిడ్డంగి ఆయన జ్ఞానదంతం నొప్పితో వచ్చాడట. నయమయ్యాక, పారెయ్యబోతున్న టేపుల్లోంచి పైకి తీసి ఈ ఏడూ తెచ్చిచ్చాడట. ఆకా ఆనందంతో రెండ్రోజులు అన్నం తినలేదట. మూడో రోజు మూడో చుట్ట విన్నాడు. నాలుగో రోజు బొంతలు పేర్చాడు.

“ఇది బయటికొస్తే కోబిల్ ఓతా గతేమిటి?” అన్నాడు. “పెళ్ళిళ్ళలో, బళ్ళో, ఆ ముని మనవడి ముందు... ఒక్క దెబ్బరా, షోకిర్. మనిషికి ఉన్నదే ఒక్కటి. అది కూడా లేదని నేనెలా అచ్చేయించను?”

“మరి ఈ ఎనిమిదేళ్ళూ ఆ అర్జీలు?”

“ఉన్నట్టుండి ఆపేస్తే అనుమానం రాదూ? అందుకే ఆస్పత్రి కాగితాల మీద రాశాను. ఆరోగ్యంవాళ్ళ దగ్గర ఒకడు నిజంగా పనిచేస్తున్నాడని నాకేం తెలుసు?”

అదీ సంగతి. టేపులు ఇస్తే ఓతా పరువు పోతుంది. ఇవ్వకపోతే నలభై ఐదు నిమిషాలు శాశ్వతంగా పోతాయి. ఆకా మూడు రోజులు ఒక్క పన్ను పీకలేదు. వచ్చినవాళ్ళని నోరు తెరిపించి, లోపలికి చూస్తూ నిట్టూర్చి పంపించేశాడు.

మైకు ఉపాయం నాదే. ఒప్పుకోవడం ఆయన వంతు.

“గప్‌లో ఓతా చేత కొట్టిద్దాం ఆకా. ఎక్కిద్దాం. టేపులో ఆ చోట అతికిద్దాం.”

ఆయన గోడ మీద రాసిన సిద్ధాంతాన్ని చూశాడు. తుండుగుడ్డ తీసి దాని మీద వేలాడేశాడు. “ఇప్పుడది నాకు కనపడదు. మాట్లాడు,” అన్నాడు.

నవంబరు గప్‌కి రౌషన్ మళ్ళీ వచ్చింది. పొద్దున్నే ఆస్పత్రిలో ఏడు చుట్టలూ విన్నది. మూడోది రెండుసార్లు విన్నది. ఓతా సంగతీ, మా అతుకు ఉపాయమూ చెప్పాం. “టేపులో లేనిది మేం వెయ్యం ఆకా,” అంది. “ఆ మాట మీ ఉత్తరాల్లోంచే నేర్చుకున్నాను.” ముప్పై ఎనిమిది అర్జీలూ ఒక్కసారిగా ఆకా నెత్తిన పడ్డాయి.

మధ్యాహ్నం పందిరి కింద కోబిల్ ఓతా ఆ అమ్మాయి పక్కనే కూర్చున్నాడు. కోటుకి బొత్తాలన్నీ పెట్టుకుని, నగారా ఒళ్ళో పెట్టుకుని, నలభై ఆరు ఆవర్తనాలూ ఒక్కొక్కటిగా వివరించాడు. రొట్టె తుంచి పెట్టాడు. తరవాత గొంతు తగ్గించి అడిగాడు.

“టేపులు దొరికాయట కదమ్మా. నాదొక చిన్న మనవి. ఆ తుపాకీ తీసేశాక నా దెబ్బ కొంచెం గట్టిగా వినపడేలా శుభ్రం చేస్తావా?”

 రౌషన్ చాలాసేపు రొట్టె నమిలింది.

“గట్టిగానే వినపడుతుంది, ఓతా,” అంది. హెడ్‌ఫోన్లు తీసి ఆకా చేతిలో పెట్టింది.

జ్ఞాపకార్థం ఒకసారి ఆ ఘట్టం పాడదామన్నాం. ఆకా ఆ హెడ్‌ఫోన్లలో ఒక చెవితో అసలు టేపు వింటూ, పళ్ళు చూసే చిన్న అద్దాన్ని గాల్లో ఊపుతూ నడిపించాడు. నేను మైకు పట్టాను. అంత నిశ్చలంగా మైకు పట్టగలిగినవాడు ఆసియా ఖండంలో ఇంకొకడు లేడు. మొదటిసారి ఓతా ముప్పై ఒకటో ఆవర్తనం మీద కొట్టాడు. ఉత్సాహం. రెండోసారి నలభై ఏడు వచ్చేసరికి “పచ్చిమిరపకాయ ఇటు పెట్టండి” అన్నాడు. మూడోసారి నలభై ఆరు దగ్గర కళ్ళు మూసుకుని, తల వాల్చి, ప్రశాంతంగా ఊపిరి తీస్తున్నాడు. ఆకా అద్దం గాల్లో ఆగిపోయింది.

సౌదాత్ ఖోలా పాటాపకుండానే ఆయన కాలు తొక్కింది.

ధన్!

గుమ్మటంలో కొట్టినట్టు మోగింది. ద్రాక్షపందిరి మీది పిచ్చుకలు లేచిపోయాయి. ఓతా కళ్ళు తెరిచి అందరివైపూ ఠీవిగా చూశాడు. “అలా! ఆ రోజు కూడా అచ్చం అలాగే!”

“ఆ రోజే తొక్కవలసింది,” అంది ఖోలా నా చెవిలో. “కొత్త జోళ్ళు వేసుకొచ్చాడు పాపం, ఊరుకున్నాను.”

అప్పుడర్థమైంది, యాభై ఏళ్ళుగా ఆవిడకి తెలుసని. గుర్రం పడకముందని వాదిస్తూ వచ్చిందే గాని, అసలు కొట్టలేదన్న మాట ఒక్కనాడూ అనలేదు.

వసంతంలో సీడీ వచ్చింది. డెబ్బై నాలుగు నిమిషాలు. పన్నెండుమందీ పందిరి కింద కూర్చుని విన్నారు. ఎవరి భాగం వస్తే వాళ్ళు తలపాగా సర్దుకున్నారు. నగారా మోగగానే కోబిల్ ఓతా వేలు పైకెత్తాడు.

“చెప్పానా! గుర్రం పడ్డాక!”

“సరేలే, ఓడిపోయాను,” అంది సౌదాత్ ఖోలా, టీ ఊదుకుంటూ.

జాగ్రత్తగా వింటే ఆ దెబ్బ వెనక సమోవార్‌లో టీనీళ్ళు బుసకొట్టడం, మౌజూదా ఓపా “పులావు చల్లారిపోతోంది” అనడం వినిపిస్తాయి. బిష్కెక్ మాస్టారు వదులుతాడా? ఇరవై ఎనిమిదో నిమిషంలో గరిటె చప్పుడు ఉన్నదేమిటని ఉత్తరం రాశాడు. ఆనాటి స్టూడియోకి వంటశాల ఎంత దగ్గరో, దాని గోడ ఎంత పల్చనో పటం గీసి మరీ ఆకా నాలుగు పేజీల జవాబిచ్చాడు. పెద్ద వంటశాల. పాలరాతి మెట్లు కూడా గీశాడు.

ఈ రహస్యం ఇలా రాసేస్తే ఎలా అంటారేమో. కోబిల్ అన్నది ఆ పెద్దాయన అసలు పేరు కాదు, ఆయన కొట్టింది నగారానూ కాదు. పన్నెండుమందిలో ఎవరో మీరు పట్టుకోలేరు. పైగా నేను చెప్పినది మా పేటలో ఎవరూ నమ్మరు. దాచుకోవడానికి ఇంతకన్నా భద్రమైన చోటు నాకు తెలియదు.

అయినా మర్యాదకి ఈ కాగితాలు ఆకాకి చూపించాను. కుర్చీలో నోరు తెరిచి పడుకున్న రోగి ఛాతీ మీద పరిచి, మొదట్నుంచి చివరిదాకా చదివాడు. ‘ముప్పై ఏళ్ళ సిద్ధాంతాన్ని పక్కనపెట్టి, ఒక ముసలాయన కోసం ఆకా సంగీతంలో లేని దెబ్బని కలిపాడు’ అని నేను ముగింపు రాశాను. పెన్సిలు తీసుకుని దాన్ని అడ్డంగా కొట్టేశాడు.

“తప్పు,” అన్నాడు. “నేనేమీ కలపలేదు. ఆ దెబ్బ స్వరాల కాగితంలో మొదట్నుంచీ ఉంది. వాయించేవాడు యాభై ఏళ్ళ మూణ్ణెల్లు ఆలస్యంగా వచ్చాడు, అంతే.”